ఇంగ్లీషు టీచరు కావలెను, పాస్‌పోర్టు ఏది?

మన గ్రూపుల్లో నెలకోసారైనా ఆ ప్రకటన తిరుగుతూ ఉంటుంది. ఫలానా దేశంలో బడికి ఇంగ్లీషు టీచరు కావలెను, డిగ్రీ, బి.ఇడి., రెండేళ్ళ అనుభవం ఉండాలి, ఇల్లూ టికెట్టూ వాళ్ళే ఇస్తారు. అంతా చదివి, మన సర్టిఫికెట్లు ఏ సూట్‌కేసు అడుగున ఉన్నాయో గుర్తు తెచ్చుకునేలోపు ఆఖరి లైను కనిపిస్తుంది: నేటివ్ స్పీకర్లు మాత్రమే. కొందరు ఇంకా సూటిగా దేశాల పేర్లే రాసేస్తారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా. అందులో మనం ఉండం. కింద ఎవరో ఏడుపు బొమ్మ పెడతారు, ఇంకెవరో "వదిలెయ్యండి అక్కా" అంటారు, అక్కడితో సరి.

నాకు మాత్రం ఆ లైను ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవాలనిపించింది. ఎందుకంటే మా అమ్మకి పిన్ని వరసయ్యే ఒక పెద్దావిడ, తెనాలి ఆవిడ, భర్తతో కలిసి ఇథియోపియాలో ఇంగ్లీషు చెప్పి వచ్చారు. వాళ్ళని ఎవరూ నేటివ్ స్పీకర్లా అని అడగలేదు. టికెట్టు కొనిచ్చి మరీ తీసుకెళ్ళారు. అంటే ఒకప్పుడు లేని తలుపు మధ్యలో ఎవరో బిగించారన్నమాట. మనవాళ్ళు ఇంగ్లీషు చెప్పడానికి సముద్రాలు దాటిన కథ ఆ తలుపు కన్నా చాలా పాతది. ఓపిగ్గా చదవండి, మీ ఇంట్లో వాళ్ళ కథ కూడా ఇందులో ఉండొచ్చు.

దర్బన్ నుంచి మొదలుపెడతాను, దక్షిణాఫ్రికా చెల్లెళ్ళకి ఇది తెలిసిన సంగతే. 1860 నుంచి నటాల్ చెరకు తోటలకి మద్రాసు రేవు మీదుగా కూలీలుగా వెళ్ళినవాళ్ళలో విశాఖపట్నం, గంజాం, గోదావరి వైపు తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ పిల్లలకి పెద్ద చదువులకి దారే ఉండేది కాదు. 1927లో కేప్‌టౌన్ ఒప్పందం తర్వాత భారత ప్రభుత్వం తన ఏజెంటుగా వి.ఎస్. శ్రీనివాసశాస్త్రిని అక్కడికి పంపింది. ఆయన రాజకీయవేత్తగానే మనకి తెలుసు గానీ, అసలు వృత్తి బడిపంతులు. మద్రాసు ట్రిప్లికేన్‌లో హిందూ హైస్కూలు హెడ్మాస్టరుగా చేశారు. ఆయన ఇంగ్లీషుకి ఇంగ్లండులోనే పేరుండేది, వెండి నాలుక వక్త అనేవారు. ఆయన దర్బన్‌లో భారతీయులకో హైస్కూలు ఉండాలని పట్టుబట్టారు. అక్కడి మనవాళ్ళు చందాలు పోగుచేశారు. 1929లో శాస్త్రి కాలేజీ తెరుచుకుంది. అప్పటికి శాస్త్రిగారు వెనక్కి వచ్చేశారు. ఆయన తర్వాత ఏజెంటుగా వెళ్ళింది మన తెలుగాయనే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు. బడి అయితే కట్టారు గానీ, పాఠాలు చెప్పడానికి డిగ్రీ ఉన్న భారతీయులు అక్కడ దొరకాలిగా? అందుకే మొదట్లో ఇండియా నుంచి టీచర్లని రప్పించుకున్నారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళు వీధికి నలుగురున్న ఊళ్ళో, ఇంగ్లీషులో చదువు చెప్పడానికి ఇండియా నుంచి ఓడలో మనుషులు రావడం! తెల్లవాళ్ళ బడుల్లోకి మన పిల్లల్ని రానివ్వరు కాబట్టి వచ్చిన అవసరం అది. మన టీచరు మొదట విదేశానికి వెళ్ళింది మనవాళ్ళ కోసమే.

ఇథియోపియా కథ వేరు. అక్కడ మనవాళ్ళు చదువు చెప్పింది ఆ దేశం పిల్లలకే.

1936లో ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించింది. ఐదేళ్ళ ఆక్రమణలో, ముఖ్యంగా 1937లో, చదువుకున్న యువకుల్ని వెతికి వెతికి చంపారు. 1941లో చక్రవర్తి హైలే సెలాసీ తిరిగొచ్చేసరికి బడులున్నా లేనట్టే, పంతుళ్ళు అసలే లేరు. ఆయన విద్యాశాఖని ఏళ్ళ తరబడి ఏ మంత్రికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకున్నారంటే ఆ లోటు ఆయన్ని ఎంత బాధించిందో చూడండి. హైస్కూలు చదువు ఇంగ్లీషులో అని నిర్ణయించారు. మరి టీచర్లు? బ్రిటిష్ వాళ్ళు కొందరు, కెనడా నుంచి జెసూట్ ఫాదర్లు కొందరు, 1962 నుంచి అమెరికా పీస్ కోర్ కుర్రాళ్ళు, అమ్మాయిలు. కానీ రాజధాని దాటి చిన్న ఊళ్ళకి వెళ్ళి, ఏళ్ళ తరబడి ఉండి, లెక్కలూ సైన్సూ ఇంగ్లీషూ చెప్పినవాళ్ళలో పెద్ద భాగం ఇండియన్లు. మలయాళీలు చాలా ఎక్కువ, తర్వాత మిగతా దక్షిణాది వాళ్ళు. ఇప్పటికీ యాభై, అరవై దాటిన ఇథియోపియన్‌ని కలిసి మాటల్లో ఇండియా అనగానే, మొదట వచ్చే మాట సినిమా గురించి కాదు, వాళ్ళ పాత ఇండియన్ టీచరు గురించి. నేను ఉండే గల్ఫులో టాక్సీల్లో, ఆస్పత్రుల్లో నాకే మూడు నాలుగుసార్లు జరిగింది.

మనవాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారు అంటే, బ్రిటిష్ వాళ్ళ కన్నా తక్కువ జీతానికి వస్తారన్నది మొదటి మాట, దాచుకోవడానికేం లేదు. ఇంకోటి నా ఊహ. ఇటలీని వెళ్ళగొట్టడానికి వచ్చిన బ్రిటిష్ సైన్యం అక్కడ పెత్తనం చేయబోయింది. చక్రవర్తికి అది మింగుడుపడలేదు. ఇంగ్లీషు కావాలి, ఇంగ్లీషువాళ్ళ మీద ఆధారపడటం వద్దు. అప్పుడే స్వతంత్రం వచ్చిన, బి.ఏ.లు కుప్పలుగా ఉన్న దేశం మనది. 1956లో ఆయన ఇండియా వచ్చి చూసి వెళ్ళారు కూడా.

మా తెనాలి పెద్దావిడ ఉన్నది దెస్సీ అనే కొండ ఊళ్ళో. మొదటిరోజు సంగతి ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా మేం నవ్వేవాళ్ళం. బడి రెండింటికి అన్నారట. సరే, వంట చేసుకుని, భోంచేసి వెళ్దాంలే అనుకున్నారు. పొద్దున ఎనిమిదింటికే బంట్రోతు వచ్చి తలుపు బాదాడు, పిల్లలు కూర్చుని ఉన్నారు రమ్మని. అక్కడ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు వాళ్ళ ఒకటి, మన ఎనిమిది వాళ్ళ రెండు. ఏడాదికి పదమూడు నెలలు. అద్దె పన్నెండుకే ఇవ్వాలా పదమూడుకీ ఇవ్వాలా అని బాబాయిగారు ఇంటివాడితో ఒక సాయంత్రమంతా వాదించారట. ఇంజెరా చూసి మాత్రం ఆవిడ బెంగపడలేదు. టెఫ్ పిండి పులియబెట్టి పెద్ద పళ్ళెమంత పోసిన అట్టు అది. పుల్లట్టు తిన్నవాళ్ళకి అదేం కొత్త?

కానీ నాకు బాగా నచ్చింది గుణింతం సంగతి. ఆమ్హారిక్ లిపిలో ఒక్కో హల్లుకి ఏడు రూపాలుంటాయి, అచ్చు మారినప్పుడల్లా అక్షరానికి ఒక కొమ్ము, ఒక కాలు, ఒక సున్నా చేరుతుంది. ఆవిడ గోడమీద ఉన్న అక్షరాల పట్టిక చూసి "అయ్యో, ఇది మన గుణింతమే కదా" అనుకున్నారు. బ్రిటిష్ టీచర్లకి ఏళ్ళు గడిచినా కొరుకుడుపడని లిపి, ఆవిడకి పదిరోజుల్లో చదవడం వచ్చేసింది. పిల్లలు ఆరో తరగతి దాకా ఆమ్హారిక్‌లో చదివి, ఏడులో ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడేవాళ్ళు. తెలుగు మీడియం నుంచి కాలేజీలో ఇంగ్లీషులో పడ్డ మనలాంటివాళ్ళకి ఆ భయం ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడకీ చెప్పక్కర్లేదు. అర్థం కాని చోట ఒక ఆమ్హారిక్ మాట బోర్డు మీద రాసేవారు. తనిఖీకి వచ్చినవాళ్ళు అది తప్పన్నారట. ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదని.

ఆ మాట ఆ ఇన్‌స్పెక్టరు సొంతం కాదండీ. అసలు కథ ఇక్కడే ఉంది.

1961 జనవరిలో ఉగాండాలోని మకెరెరేలో కామన్వెల్త్ దేశాల వాళ్ళు ఒక సమావేశం పెట్టుకున్నారు. స్వతంత్రం వస్తున్న దేశాల్లో ఇంగ్లీషుని రెండో భాషగా ఎలా నేర్పాలన్నది విషయం. అక్కడ బలపడిన నమ్మకాల్ని తర్వాత 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ అనే పరిశోధకుడు ఐదు ముక్కల్లో తేల్చి చెప్పాడు. ఇంగ్లీషుని ఇంగ్లీషులోనే చెప్పాలి, ఆదర్శ టీచరు అంటే నేటివ్ స్పీకరే, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది, ఎంత ఎక్కువ చెబితే అంత ఫలితం, వేరే భాషలు వాడితే ఇంగ్లీషు ప్రమాణం పడిపోతుంది. ఈ ఐదూ అపోహలే అని ఆయన వాదన. అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. ఆ ముప్ఫై ఏళ్ళలో ఈ నమ్మకాల మీద పుస్తకాలు అచ్చయ్యాయి, కోర్సులు నడిచాయి, ఉద్యోగాలు ఇచ్చారు, వీసాలు రాశారు. మన ప్రకటనలో ఆఖరి లైను అలా తయారైంది.

ఇందులో హైదరాబాదు పాత్ర గురించి చెప్పకపోతే తప్పు. మకెరెరేకి మూడేళ్ళ ముందే, 1958లో, ఉస్మానియా పక్కన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. ఫోర్డ్ ఫౌండేషనూ బ్రిటిష్ కౌన్సిలూ సాయం చేశాయి. మొదటి డైరెక్టరు వి.కె. గోకాక్, కన్నడ కవి, తర్వాత జ్ఞానపీఠం అందుకున్నాయన. ఇంగ్లీషు నేర్పే సంస్థకి ఒక కన్నడ కవి పెద్దగా ఉండటం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. మన అమ్మల కాలంలో "దిస్ ఈజ్ ఎ పెన్, దట్ ఈజ్ ఎ బుక్" అని చేత్తో చూపిస్తూ వల్లె వేయించిన పద్ధతి ఉంది చూశారూ, ఆ స్ట్రక్చరల్ పద్ధతిని దేశంలో బడుల దాకా తీసుకెళ్ళినవాటిలో ఆ సంస్థ ముఖ్యమైనది. అదే తర్వాత సీఫెల్ అయింది, ఇప్పుడు ఇఫ్లూ. తార్నాక వైపు వెళ్ళినవాళ్ళకి ఆ గేటు తెలుసు. అక్కడ ఏళ్ళుగా ఆఫ్రికా, మధ్య ఆసియా, తూర్పు ఆసియా దేశాల టీచర్లు ఇంగ్లీషూ, ఇంగ్లీషు బోధనా నేర్చుకుని వెళ్తున్నారు. అంటే ఏ దేశాల బడులు మనల్ని టీచర్లుగా పనికిరారంటాయో, అందులో కొన్ని దేశాల టీచర్లు మన హైదరాబాదు వచ్చి నేర్చుకుంటారు!

ఇంకోటి వినండి. మీలో కొందరు ఆన్‌లైన్‌లో 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్టు డబ్బు కట్టి చేసుంటారు. అందులో టాస్క్ ఆధారిత బోధన అని ఒక పాఠం ఉంటుంది. పిల్లలకి వ్యాకరణం నూరిపోయకుండా, రైలు టైంటేబుల్ చూసి దారి చెప్పడం లాంటి పని ఒకటి ఇస్తే, ఆ పనిలో పడి భాష నేర్చుకుంటారన్నది దాని సారం. ఆ ఆలోచనని బడుల్లో నడిపి చూపించింది ఎన్.ఎస్. ప్రభు. 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు లాంటి చోట్ల మామూలు బడుల్లో, మామూలు పిల్లలతో. ప్రపంచమంతా దాన్ని బెంగళూరు ప్రాజెక్టు అనే పిలుస్తుంది. మనవాడి పద్ధతి నేర్చుకున్నట్టు సర్టిఫికెట్టు తెచ్చుకో, తర్వాత మనవాడివి కాబట్టి ఉద్యోగం లేదు పో. నాకు నవ్వూ వస్తుంది, మంటా పుడుతుంది.

సరే, ఆఫ్రికాకి మళ్ళీ వద్దాం. 1974లో ఇథియోపియాలో విప్లవం వచ్చింది. చక్రవర్తిని దింపేశారు. హైస్కూలు పెద్ద తరగతులు మూసేసి విద్యార్థుల్ని పల్లెలకి పంపారు. తర్వాత రెడ్ టెర్రర్ రోజులు, వీధుల్లో కుర్రాళ్ళ శవాలు. మా పెద్దావిడ ఆ భాగం ఎప్పుడూ పూర్తిగా చెప్పేవారు కాదు. "నా క్లాసు రిజిస్టరులో పేర్లు" అని ఆగిపోయేవారు. మనవాళ్ళు మూటాముల్లే సర్దుకున్నారు. చాలామంది ఇంటికి రాలేదు, నైజీరియాకి వెళ్ళారు.

నైజీరియాలో అప్పుడే చమురు డబ్బు పారుతోంది. 1976 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రతి బిడ్డకీ ఉచిత ప్రాథమిక విద్య అని ప్రకటించింది. పిల్లలు వరదలా వచ్చారు, వాళ్ళు పెద్దవుతుంటే హైస్కూళ్ళకీ ట్రైనింగ్ కాలేజీలకీ టీచర్లు కావాల్సి వచ్చారు. ఢిల్లీ, మద్రాసుల్లో ఇంటర్వ్యూలు జరిగేవి. ఇల్లు, రానూపోనూ టికెట్టు, కాంట్రాక్టు చివర గ్రాట్యుటీ. 1980 ప్రాంతంలో ఒక నైరా ఇస్తే ఒకటిన్నర డాలరు పైనే వచ్చేది. మన ఊళ్ళలో ఆ రోజుల్లో కట్టిన మేడల్లో "నైజీరియా వారి ఇల్లు" అని పేరున్నవి మీలో కొందరు చూసే ఉంటారు. తర్వాత చమురు ధర పడింది. జీతాలు నెలల తరబడి రాలేదు. ఇంటికి డబ్బు పంపడానికి అనుమతి దొరకడం గగనమైంది. 1986లో నైరా విలువ వదిలేశాక, బ్యాంకులో చేర్చిన పొదుపు కళ్ళముందే కరిగిపోయింది. పదేళ్ళు చాకిరీ చేసి, ఆఖరి కాంట్రాక్టు డబ్బు చేతికి రాకుండా విమానం ఎక్కినవాళ్ళున్నారు. టీచరుకి విదేశంలో జీతం ఎంత అన్నదే కాదు, ఏ డబ్బులో ఇస్తారు, ఎంత ఇంటికి పంపనిస్తారు అన్నదీ అడగాలని వాళ్ళకి అప్పుడు తెలిసింది. మనం ఇప్పటికీ రెండో ప్రశ్న అడగం.

బ్రిటన్ అక్కల సంగతి కొంచెం. 1962 కామన్వెల్త్ వలస చట్టం తర్వాత వోచర్లు ఇచ్చేవారు. బి తరగతి వోచరు నైపుణ్యం ఉన్నవాళ్ళకి, అందులో టీచర్లూ ఉన్నారు. అలా డిగ్రీ, టీచర్ ట్రైనింగు ఉన్న పంతుళ్ళు ఎంతోమంది వెళ్ళారు. దిగాక మీ అర్హత సరిపోదన్నారు, మీ యాస పిల్లలకి అర్థం కాదన్నారు. బస్సు కండక్టర్లుగా, ఇనుము పోతపోసే ఫ్యాక్టరీల్లో కూలీలుగా చేరినవాళ్ళు చాలామంది. టీచరని పిలిచి వోచరు ఇచ్చిన దేశమే క్లాసురూము తలుపు దగ్గర ఆపేసింది. అరవై ఏళ్ళ తర్వాత, 2023లో, ఇంగ్లండు ప్రభుత్వం ఇండియాతో సహా మరికొన్ని దేశాల టీచర్లు తమ అర్హతని నేరుగా గుర్తించమని దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. మన గ్రూపుల్లో ఆ వార్త ఎంత తిరిగిందో గుర్తుందా? కింద చిన్న అక్షరాలు ఎవరూ చదవలేదు. 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి గణితం, సైన్సు, భాషలు చెప్పేవాళ్ళకే అన్నారు. భాషలంటే ఫ్రెంచి, స్పానిష్ లాంటివి. ఇంగ్లీషు అందులో లేదు. ఇలాంటి నిబంధనలు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ప్రభుత్వ సైటే చూసుకోండి, ఫార్వర్డు మెసేజీ కాదు.

తలుపు కాస్త తెరుచుకున్న చోటు ఒకటుంది, దక్షిణ కొరియా. అక్కడ భాషా బోధకుల వీసా, ఈ-2 అంటారు, ఇంగ్లీషుకి వచ్చేసరికి పైన చెప్పిన ఏడు దేశాల పాస్‌పోర్టులకే. ఇండియా, కొరియా 2009లో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి, 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కార్లు, ఇనుము, సాఫ్ట్‌వేరు మధ్యలో ఒక మూల మన ఇంగ్లీషు టీచర్ల ప్రస్తావన ఉంది. డిగ్రీతో పాటు టీచరు అర్హత ఉన్న ఇండియన్లు ఆ దేశపు బడుల్లో సహాయ ఇంగ్లీషు టీచర్లుగా రావచ్చని. గమనించారా? ఏడు దేశాల కుర్రాడికి ఏ డిగ్రీ అయినా చాలు, మనకి డిగ్రీతో పాటు టీచరు లైసెన్సు కావాలి. అయినా కాగితం మీద హక్కు హక్కే. ఆచరణలో మనవాళ్ళని తీసుకున్న బడులు చాలా తక్కువ. నియమం మారినా హెడ్మాస్టరు బుర్రలో బొమ్మ మారదు కదా. తల్లిదండ్రులకి చూపించడానికి ఒక ముఖం కావాలి, ఆ ముఖం ఎలా ఉండాలో వాళ్ళు ముందే అనేసుకున్నారు.

ఇక గల్ఫు. ఇక్కడ రెండు లోకాలున్నాయి, కలిపి మాట్లాడితే లెక్క తప్పుతుంది. ఒకటి మన పిల్లల కోసం పెట్టుకున్న ఇండియన్ బడులు. బహ్రెయిన్‌లో 1950, కువైట్‌లో 1959, దుబాయ్‌లో 1961, మస్కట్‌లో 1975. మన ఆడవాళ్ళలో ఎక్కువమందికి గల్ఫులో టీచరు ఉద్యోగం అంటే ఇవే. భర్త వీసా మీద వచ్చి, పిల్లల్ని బళ్ళో వేసి, అదే బళ్ళో చేరినవాళ్ళం. దర్బన్ శాస్త్రి కాలేజీకి ఇవి చెల్లెళ్ళు. రెండోది ఆ దేశాల సొంత బడులు, ఇంకా బ్రిటిష్, అమెరికన్ సిలబస్ ప్రైవేటు బడులు. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తానికి మూడే బడులు. అలాంటి చోట మొదట్లో ఈజిప్టు, సూడాన్, జోర్డాన్ వాళ్ళతో పాటు ఇండియా, శ్రీలంక టీచర్లూ పనిచేశారు. డబ్బూ, పోటీ పెరిగాక పాస్‌పోర్టు లెక్క మొదలైంది. అబుదాబి 2010లో కొత్త బడి విధానం తెచ్చినప్పుడు పాశ్చాత్య దేశాల నుంచి టీచర్లని పెద్ద ఎత్తున రప్పించుకుంది.

నా అనుభవం ఒకటి చెప్పి ఊరుకుంటాను. ఒక ప్రైవేటు బడి వాళ్ళు ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడారు. షేక్‌స్పియర్ ఏ తరగతికి ఎలా చెబుతారు, వ్యాసం ఎలా దిద్దుతారు, అన్నీ. ఆవిడ చాలా సంతోషపడింది. చివర్లో, "ఇంతకీ మీది ఏ పాస్‌పోర్టు?" అంది. చెప్పాను. ఒక్క క్షణం ఆగి, అయితే అసిస్టెంటు టీచరు పోస్టు ఉంది, అంది. జీతం సగానికి తక్కువ. పిల్లలు వాళ్ళే, క్లాసు అదే, నేను చేయాల్సిన పనీ అదే. నేను చేరాను. ఇంటి అద్దె కట్టాలి కదా. నా పక్క క్లాసులో పాశ్చాత్య పాస్‌పోర్టు ఉన్న అమ్మాయికి టీచింగ్ డిగ్రీ లేదు. పాపం మంచి పిల్ల. మొదటి టర్ము పాఠాల ప్లాన్లు మేమిద్దరం మా వంటింట్లో కూర్చుని రాసేవాళ్ళం.

ఇన్ని మూసిన తలుపులున్నప్పుడు కన్నాలు చూపించేవాళ్ళు పుట్టుకొస్తారు, ఏజెంట్లు. అమెరికాలో ఉన్నవాళ్ళు లూసియానా సంగతి వినే ఉంటారు. 2007 నుంచి అక్కడి బడులకి ఫిలిప్పీన్స్ నుంచి 350 మంది దాకా టీచర్లని తెచ్చారు. ఒక్కొక్కరి దగ్గరా పదహారు వేల డాలర్ల దాకా లాగారు, తర్వాత జీతంలో వాటా కూడా అడిగారు. వాళ్ళు ఊరుకోలేదు, టీచర్ల సంఘం అండతో కోర్టుకెళ్ళారు. 2012 డిసెంబరులో జ్యూరీ నలభై ఐదు లక్షల డాలర్లు ఇవ్వమంది. మేరీల్యాండ్‌లో ఇంకో జిల్లా, హెచ్-1బి ఖర్చులు యజమాని పెట్టుకోవాల్సినవి టీచర్ల చేత పెట్టించింది. 2011లో కార్మికశాఖ వెయ్యిమందికి పైగా టీచర్లకి నలభై రెండు లక్షల డాలర్లు వెనక్కి ఇప్పించింది. కానీ శిక్షగా ఆ జిల్లాని రెండేళ్ళు హెచ్-1బికి దూరం పెట్టేసరికి, వీసా పొడిగింపు కావాల్సిన టీచర్లే మళ్ళీ నష్టపోయారు.

మన విషయానికొస్తే, ఇండియాలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఆ ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటులో ఉందో లేదో ఐదు నిమిషాల్లో చూడొచ్చు. సర్టిఫికెట్ల ముద్రల గురించి ప్రతివారం ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ఇది కూడా. ఇండియా 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. కొరియా, ఒమన్, బహ్రెయిన్, సౌదీ ఆ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అక్కడికి విదేశాంగశాఖ అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. యు.ఎ.ఇ., కువైట్, ఖతార్ అందులో లేవు. అక్కడికి రాష్ట్ర విద్యాశాఖ, విదేశాంగశాఖ, ఆ దేశపు ఎంబసీ, చివర దిగిన చోట వాళ్ళ విదేశాంగశాఖ, ఇన్ని మెట్లూ ఎక్కాల్సిందే. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ మాత్రం ఏజెంటు బీరువాలో వదలకండి.

మా తెనాలి పెద్దావిడ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ ట్రంకుపెట్టెలో ఇథియోపియా విద్యాశాఖ కాంట్రాక్టు కాగితం దొరికింది, ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు ఆమ్హారిక్. అర్హత అన్నచోట బి.ఏ., బి.ఇడి. అని ఉంది. మాతృభాష అన్న గడే లేదు. ఫోటో తీసి గ్రూపులో పెడతాను. మీ అమ్మానాన్నలు, అత్తమామలు, బాబాయిలు ఎవరైనా ఇథియోపియా, నైజీరియా, జాంబియా, మాల్దీవుల్లో పాఠాలు చెప్పి ఉంటే వాళ్ళని అడగండి, ఓపిక ఉన్నవాళ్ళ చేత వాయిస్ మెసేజీ పెట్టించండి. కాంట్రాక్టు కాగితం ఉంటే రెండోవైపు కూడా ఫోటో తీయండి, జీతం సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది.